శుభలేఖలో జాప్ఫినో ఫాంట్: ఎంత వాడాలి, ఎక్కడ ఆపాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. చెల్లెలి పెళ్ళి శుభలేఖ మీరే డిజైన్ చేస్తున్నారు. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. ఇంగ్లీషు పేజీ మొత్తం మ్యాక్‌లో ఉన్న, చేతిరాతలా కనిపించే జాప్ఫినో ఫాంట్‌తో పెట్టారు. సైజు పెంచితే పై వరుస అక్షరాల పొడుగు తోకలు కింది వరుస మీద పడుతున్నాయి. తగ్గిస్తే పెద్దవాళ్ళు చదవలేకపోతున్నారు. డీటీపీ షాపుకి తీసుకెళ్తే అక్షరాలు వేరేగా కనిపించాయి. తెలుగు పేజీకి దీనికి జోడీగా ఏ ఫాంట్ బాగుంటుందని కూడా అడిగారు.

శుభలేఖలు, సర్టిఫికెట్లు డిజైన్ చేయడమే నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఫాంట్ మంచిదే ఎంచుకున్నారు. చిక్కంతా దాన్ని పేజీ మొత్తానికి వాడటం వల్ల వచ్చింది. వధూవరుల పేర్లు రెండూ జాప్ఫినోలో ఉంచి, మిగతాదంతా మామూలు ఫాంట్‌లోకి మార్చేయండి. సగం టెన్షన్ అక్కడితోనే తగ్గుతుంది. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఈ ఫాంట్ ఎలా తయారైందో కొంచెం చెప్పాలి.

దీన్ని గీసిన హెర్మన్ జాఫ్ జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 1918లో పుట్టారు. పలాటినో, ఆప్టిమా ఫాంట్లు కూడా ఆయనవే. కాలిగ్రఫీ, అంటే అందంగా చేత్తో అక్షరాలు రాసే కళ, ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. 1935లో తన ఊళ్ళో రుడాల్ఫ్ కోచ్ అనే లిపి కళాకారుడి పనుల ప్రదర్శన జరిగితే చూసి, పుస్తకాలు కొనుక్కుని సొంతంగా సాధన చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో మ్యాపులు గీసే పనిలో ఉన్నారు. 1944లో తన స్కెచ్‌బుక్‌లో ఒక పేజీలో రాసుకున్న అక్షరాలే తర్వాత జాప్ఫినోకు ఆధారమయ్యాయి. అంటే ఈ ఫాంట్‌కు మూలం ఒక మనిషి కలంతో, చెయ్యి ఆడినట్టల్లా రాసుకున్న రాత.

ఆ రాతను అచ్చులోకి తేవడం అప్పట్లో కుదరలేదు. సీసపు అచ్చులో ప్రతి అక్షరం దాని దిమ్మ మీద అది నిలబడాలి. పక్క అక్షరం మీదికి, కింది వరుసలోకి స్వేచ్ఛగా సాగే తోకలకు అక్కడ చోటు ఉండదు. 1950ల మొదట్లో వచ్చిన విర్చువోసా అనే ఫాంట్‌లో జాఫ్ ఆ ప్రయత్నం చేశారు కానీ, లోహం ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే వెళ్ళగలిగారు. కంప్యూటర్లు వచ్చాక 1990లలో డేవిడ్ సీగెల్ అనే యువకుడు ఆయన దగ్గరికి వచ్చి, ఒక్కో అక్షరానికి చాలా రూపాలు ఉండి, చేతిరాతలో మాదిరిగా మారుతూ ఉండే ఫాంట్ చేద్దామన్నారు. గినో లీ అనే ప్రోగ్రామర్ కూడా చేరారు. మధ్యలో సీగెల్ తప్పుకోవడంతో పని ఆగింది. జాఫ్ దాన్ని ఫాంట్లు తయారుచేసే లైనోటైప్ కంపెనీకి చూపించారు. వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టి 1998లో విడుదల చేశారు.

అప్పుడు వచ్చింది ఒక్క అక్షరమాల కాదు, నాలుగు. వాటితోపాటు అలంకారాలు, తోకలు, చిన్న చిన్న గుర్తులు. 2003లో అకిరా కొబయాషి అనే ఫాంట్ డిజైనర్‌తో కలిసి జాప్ఫినో ఎక్‌స్ట్రా చేశారు. అందులో ఫోర్టే అని మందపాటి రకం కూడా వచ్చింది. యాపిల్ తన మ్యాక్ ఓఎస్ టెన్‌తో ఇచ్చిన జాప్ఫినోలో 1400కు పైగా అక్షర రూపాలున్నాయి. మీ కంప్యూటర్లో ఫాంట్ పేరునే ఇంగ్లీషులో మొదటి అక్షరం పెద్దది పెట్టి టైప్ చేసి చూడండి. ఏడు అక్షరాలూ కలిసి ఒకే బొమ్మగా మారిపోతాయి. ఆ బొమ్మను ఫాంట్‌లోనే విడిగా గీసి పెట్టారు.

ఇన్ని రూపాలు పెట్టింది ఒక చిన్న మాటను, ఒక పేరును, ఒక శీర్షికను చేత్తో రాసినట్టు అమర్చుకోవడానికి. టైప్ చేసుకుంటూ పోతే పేరాగ్రాఫ్ తయారవ్వాలని కాదు. ఇందులో చిన్నక్షరాల పొట్ట భాగం చిన్నది. పైకి లేచే గీతలు, కిందికి దిగే తోకలు చాలా పొడుగు. మ్యాక్‌లో దీనికి మామూలుగా వచ్చే వరుస ఎత్తు, ఫాంట్ సైజుకు మూడు రెట్ల కంటే ఎక్కువ ఉంటుంది. 12 పాయింట్ల అక్షరానికి 40 పాయింట్ల చోటు పోతుందన్నమాట. మీరు ఆ వరుసల మధ్య దూరం తగ్గించగానే తోకలు ఢీకొన్నాయి. తప్పు మీ సెట్టింగులో లేదు, ఫాంట్ స్వభావమే అది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో టెక్స్ట్ బాక్సు చిన్నదైతే అక్షరాల తలలు తెగిపోయినట్టు కనిపించేది కూడా ఇందుకే. బాక్సు పెద్దది చేస్తే సరిపోతుంది.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఉదాహరణకు పై వరుసలో లక్ష్మీప్రియ, కింది వరుసలో కార్తీక్ అని ఇంగ్లీషులో పెడుతున్నాం అనుకోండి. పై పేరులో చివరికి వచ్చే వై అక్షరం తోక ఎడమవైపుకు దిగుతుంది. కింది పేరులో పెద్ద కే, టీ, హెచ్, చివరి కే, ఇవన్నీ పైకి లేచేవే. రెండు పేర్లనూ మధ్యకు అలైన్ చేస్తే వై తోక సరిగ్గా వెళ్ళి హెచ్ తలకో, కే తలకో తగులుతుంది. అందుకని మధ్యకు అలైన్ చేయడం మానేయండి. పై పేరును కాస్త ఎడమకు, కింది పేరును కాస్త కుడికి జరపండి. తోక దిగే చోట కింద ఖాళీ ఉండాలి, లేదా ఆర్, ఐ లాంటి పొట్టి అక్షరం ఉండాలి. అప్పుడు రెండు పేర్లూ ఒకదానిలో ఒకటి ఒదిగినట్టు వస్తాయి. ఇది కొలతలతో తేలదు. మౌసుతో కొంచెం కొంచెం జరుపుతూ, పేజీ మొత్తం స్క్రీన్ మీద కనబడేలా దూరం పెట్టి చూస్తూ చేయాల్సిన పని.

జరిపినా కుదరకపోతే ఆ ఒక్క అక్షరాన్ని ఎంచుకుని రూపం మార్చండి. మ్యాక్‌లో ఫాంట్స్ ప్యానెల్ తెరిచి అందులో టైపోగ్రఫీ అనే ఆప్షన్‌కి వెళ్తే ఈ రూపాలు కనిపిస్తాయి. ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లో అయితే గ్లిఫ్స్ (అక్షర రూపాల) ప్యానెల్ ఉంది. పేరు మొత్తానికి ఒకటో రెండో అక్షరాలకు మాత్రమే పొడుగు తోకల రూపాలు పెట్టండి. మామూలుగా మొదటి అక్షరం లేదా చివరి అక్షరం. మధ్య అక్షరాలకు కూడా పెడితే పేరు చదవడం కష్టం. పెళ్ళిపిల్ల పేరు ఏమిటని చుట్టాలు ఫోన్ చేసి అడిగే పరిస్థితి రాకూడదు కదా.

మన పేర్లలో ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు రావడం చాలా ఎక్కువ. సుబ్బారావులో రెండు బీలు, అప్పారావులో రెండు పీలు, రెడ్డిలో రెండు డీలు. రెండూ అచ్చంగా ఒకేలా ఉంటే అది కంప్యూటర్ అక్షరమని కంటికి వెంటనే తెలిసిపోతుంది. చేత్తో రాసేవాళ్ళు రెండోసారి అదే అక్షరాన్ని ఎప్పుడూ అచ్చు గుద్దినట్టు రాయరు. ఫాంట్ తనంతట తాను మారుస్తే సరే, లేకపోతే రెండోదానికి మీరే ఇంకో రూపం పెట్టండి. నాకైతే ఈ ఫాంట్‌లో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. రెండు డీల తలలు కొద్దిగా వేరువేరు ఎత్తుల్లో నిలబడితే ఆ పేరుకు ప్రాణం వస్తుంది.

ఇంటిపేరు పొట్టి అక్షరాల సంగతి మాత్రం కచ్చితంగా పాటించండి. కే.వీ.ఎస్.ఆర్. లాంటివి జాప్ఫినోలో పెట్టవద్దు. ఇందులో పెద్దక్షరాలు ఒక్కోటి ఒక్కో అలంకారం. నాలుగు వరసగా నిలబడితే ఏది ఎక్కడ మొదలైందో తెలియదు. ఇంగ్లీషు మాటలన్నీ పెద్దక్షరాల్లో పెట్టడం కూడా అంతే, ఈ ఫాంట్‌లోనే కాదు, ఏ కాలిగ్రఫీ ఫాంట్‌లోనూ పనికిరాదు. చిరంజీవి, చి.ల.సౌ. లాంటివి, తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేర్లు, అన్నీ పక్కన చిన్నగా మామూలు ఫాంట్‌లో రానివ్వండి. పెద్ద అలంకారం ఇద్దరి పేర్లకే దక్కాలి. 'కుమార్తె' అని చెప్పే ఇంగ్లీషు మాటల్లో వచ్చే ఎఫ్ అక్షరం ఒక్కటే చూడండి. అది వరుసకు పైనా కిందా కూడా సాగుతుంది. అంత చిన్న మాటకు అంత ఆర్భాటం అక్కర్లేదు.

మిగతా పేజీకి ఏ ఫాంట్ అంటే, నా సలహా ఆప్టిమా. పలాటినో కూడా బాగుంటుంది. రెండూ జాఫ్ గీసినవే, రెండూ మ్యాక్‌లో ఉన్నవే. ఒకే చేతి నుంచి వచ్చాయి కాబట్టి జాప్ఫినో పక్కన ఎక్కడా పొసగనట్టు అనిపించదు. ఆప్టిమాలో అంకెలు స్పష్టంగా ఉంటాయి. ముహూర్తం సమయం, తేదీ, ఫంక్షన్ హాలు అడ్రసు, విందు వివరాలు దాంట్లో పెట్టండి. పెద్దవాళ్ళ కళ్ళకు 11 పాయింట్ల కంటే తగ్గించకండి.

డీటీపీ షాపుల్లో ఇంగ్లీషు పేజీ మొత్తాన్ని మోనోటైప్ కోర్సివాలో పెట్టేయడం చూసి ఉంటారు. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు కానీ నేను ఒప్పుకోను. దాని వెనక గట్టి సంప్రదాయం ఉంది. పోపు కార్యాలయంలో ఉత్తర్వులు రాసే లేఖకుడు లుడోవికో అర్రిగి 1522లో రోములో ఒక చేతిరాత పుస్తకం అచ్చు వేయించారు. వెడల్పుగా చెక్కిన మొన ఉన్న కలంతో, కొద్దిగా వాలుగా, అక్షరాలు విడివిడిగా రాసే పద్ధతి అది. ప్యాట్రీషియా శాండర్స్ ఆ పద్ధతి ఆధారంగా కోర్సివాను గీశారు. ఇది జాప్ఫినో కంటే చాలా నెమ్మదస్తురాలు. తోకలు పొట్టి, పొట్ట పెద్దది. 14 పాయింట్లలో నాలుగు వరుసల ఆహ్వాన వాక్యం హాయిగా చదువుకోవచ్చు. మీకు పేజీ మొత్తం కాలిగ్రఫీలోనే కావాలనుంటే కోర్సివా ఒక్కటే వాడండి. జాప్ఫినోతో మాత్రం కలపవద్దు. రెండూ వాలుగా, రెండూ అలంకారంగా ఉండి, ఒకటి ఇంకోదానికి నకలులా కనిపిస్తుంది.

ఖర్చు లేకుండా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో టాంజెరిన్ ఉంది. అది కూడా ఆ ఇటలీ రాత వంశమే. గ్రేట్ వైబ్స్, పిన్యాన్ స్క్రిప్ట్ వేరే తరహా. సన్న మొన కలాన్ని నొక్కితే లావు గీత, వదిలితే సన్న గీత వచ్చే గొలుసుకట్టు రాత. మీకు జాప్ఫినోలో నచ్చింది ఆ విడివిడి అక్షరాల స్వేచ్ఛే అయితే ఇవి దానికి బదులు కావు.

డీటీపీ షాపులో అక్షరాలు మారిపోవడానికి కారణం సులువే. విండోస్‌తో జాప్ఫినో రాదు. ఫాంట్ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఇంకేదో పెట్టేస్తుంది. మీ మ్యాక్ నుంచి ఫాంట్ ఫైలు కాపీ చేసి వాళ్ళకు ఇవ్వడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఒకవేళ వాళ్ళే కొన్నా, ఇంకా చాలా షాపుల్లో నడుస్తున్న పేజ్‌మేకర్‌కు ఈ ప్రత్యామ్నాయ రూపాలు మార్చడం తెలియదు. మీరు గంటలు కూర్చుని సర్దిన అక్షరాలన్నీ మామూలు రూపాల్లోకి వచ్చేస్తాయి. అందుకని పేర్లను కర్వ్స్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్‌గా ఇవ్వండి. అప్పుడు అవి బొమ్మలు, ఏ మెషీన్‌లో తెరిచినా మారవు.

అచ్చు పద్ధతి ఏదో ముందే తేల్చుకోండి. జాప్ఫినో గీతలు చాలా సన్నం. మామూలు ఆఫ్‌సెట్‌లో తెల్ల కాగితం మీద ముదురు రంగుతో వేస్తే ఇబ్బంది లేదు. మెరూన్ కార్డు మీద గోల్డ్ ఫాయిల్ వేయిస్తే సన్న గీతలు అక్కడక్కడా అంటుకోకుండా తెగిపోవచ్చు. గరుకుగా ఉండే హ్యాండ్‌మేడ్ పేపర్ మీద స్క్రీన్ ప్రింటింగ్‌లో కూడా అంతే. ముదురు రంగు మధ్య అక్షరాన్ని తెల్లగా వదిలితే ఇంకు లోపలికి పాకి గీత మూసుకుపోతుంది. ఫాయిల్ తప్పదంటే పేర్లు పెద్దవి చేయండి, లేదా ఫోర్టే రకం కొనండి. మామూలు రకానికే చుట్టూ అవుట్‌లైన్ గీత వేసి లావు చేయడం మాత్రం వద్దు. తోకల కొసలు మొద్దుబారి, అక్షరం అందమంతా పోతుంది. ఎంచుకున్న కార్డు మీదే ఒక నమూనా తీయించి చూడకుండా మొత్తం ఆర్డర్ ఇవ్వకండి.

పెళ్ళి మండపంలో స్టేజీ వెనక పేర్లు కూడా ఇదే ఫాంట్‌లో పెట్టాలనుకుంటున్నట్టు చివర్లో రాశారు. థర్మాకోల్‌లో కోస్తే ఈ తోకలు నిలబడవు, విరిగిపోతాయి. ఫ్లెక్స్ మీద అయినా వెనక కుర్చీల నుంచి కనబడవు. అక్కడికి లాబ్‌స్టర్ లాంటి లావుపాటి ఫాంట్ వాడండి. జాప్ఫినోకు తగిన చోటు చేతిలో పట్టుకుని చూసేవే: శుభలేఖ, సర్టిఫికెట్, మెనూ కార్డు, పుస్తకం అట్ట మీద శీర్షిక, సీసా లేబుల్, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి చేసే మోనోగ్రామ్. సర్టిఫికెట్లు చేసేవాళ్ళకు ఒక మాట. జాబితాలో అన్నిటికంటే పొడుగు పేరుతోనే ముందు డిజైన్ చేయండి. వెంకట సత్యనారాయణ గారి పేరు పట్టిన చోట రవి పేరు ఎలాగూ పడుతుంది.

ఇక తెలుగు పేజీ. జాప్ఫినోలాంటి తెలుగు ఫాంట్ కోసం వెతకవద్దంటాను. అరబిక్‌కు 2014లో నదీన్ షాహీన్ అనే డిజైనర్ జాప్ఫినో అరబిక్ చేశారు. అరబిక్‌లో సాగే గీతల సంప్రదాయం శతాబ్దాలుగా ఉంది కాబట్టి అది అతికింది. మన అక్షరం గుండ్రంగా మూసుకుంటుంది, వాలదు. పైన తలకట్టు, గుడి. కింద వత్తులు. ఇంగ్లీషు అక్షరాన్ని సాగదీసినట్టు మన అక్షరాన్ని అన్ని వైపులకూ సాగదీస్తే చదవలేం. కానీ సాగడానికి ఒప్పుకునే చోట్లు కొన్ని మనకూ ఉన్నాయి. అన్నిటికంటే ముందు క్రారవడి. శ్రీలో, ప్రియలో అక్షరం కిందుగా వెళ్ళి ఎడమవైపు చుట్టుకునే ఆ గీతను ఎంత పొడిగించినా అక్షరం గుర్తు చెడదు. గుడిదీర్ఘం కొస, కొమ్ముదీర్ఘం కొస, చివరి అక్షరం తలకట్టు కూడా అలాంటివే. బాపు గారి రాతలో చూడండి, ఆయన గీత ఎక్కడ సాగించారో, ఎక్కడ చటుక్కున తుంచేశారో. తెలుగు అక్షరాన్ని అలంకరించాలనుకునే ఎవరైనా చదువుకోవాల్సిన పాఠం అది.

కాబట్టి నా సలహా ఇది. తెలుగు పేజీలో పైన ఉండే శ్రీ, వధూవరుల పేర్లు మాత్రం చేత్తో రాయించండి. మీ ఊళ్ళో బోర్డులు రాసే ఆర్టిస్టు ఉంటే ఆయనకే ఇవ్వండి. వాళ్ళ చేతిలో ఉండే ఒడుపు ఏ ఫాంట్‌లోనూ దొరకదు, పైగా ఈ రోజుల్లో వాళ్ళకు పని ఇచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో, అచ్చులో పడే సైజుకు మూడు నాలుగింతలు పెద్దగా రాయించండి. 600 డీపీఐలో స్కాన్ చేసి, ఇల్లస్ట్రేటర్‌లోనో కోరెల్‌లోనో ట్రేస్ చేయండి. గీతల మందం జాప్ఫినో గీతలకు దగ్గరగా ఉండేలా సైజు సర్దండి. రెండు పేజీలూ ఒకే కార్డువని కంటికి తెలిసేది అక్షరాల ఆకారంతో కాదు, గీతల మందంతోనే.

రాయించే వీలు లేకపోతే సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ చొరవతో వచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అందులో రామరాజ శుభలేఖలకు బాగా నప్పుతుంది. అయితే అది లావుపాటి ఫాంట్, సన్నని జాప్ఫినో పక్కన బరువుగా కనిపిస్తుంది. దాంట్లో ఇంగ్లీషు అక్షరాలు బెర్క్‌షైర్ స్వాష్ అనే ఫాంట్ నుంచి తీసుకున్నవి, అవీ అలంకారంగానే ఉంటాయి. రామరాజే నచ్చితే ఇంగ్లీషు పేర్లు కూడా అందులోనే పెట్టి జాప్ఫినోను వదిలేయడం మేలు. ముహూర్తం, వేదిక వివరాలకు మండలి ఫాంట్ తీసుకోండి. నిరాడంబరంగా, తేటగా ఉంటుంది, ఆప్టిమా పక్కన చక్కగా సరిపోతుంది. షాపువాళ్ళు అనూ ఫాంట్లలో మళ్ళీ టైప్ చేస్తామంటే ఒప్పుకోవద్దు. అక్షరాలను కంప్యూటర్ గుర్తుపెట్టుకునే పద్ధతి (ఎన్‌కోడింగ్) అందులో వేరు, మళ్ళీ మొదటి నుంచి ప్రూఫ్ దిద్దాల్సి వస్తుంది.

వాట్సాప్‌లో పంపే శుభలేఖ విడిగా చేయండి. అచ్చు కార్డునే ఫోటోగా పంపితే ఫోన్ తెరమీద జాప్ఫినో సన్న గీతలు సగం కనిపించవు. నిలువు పేజీ పెట్టి, పేర్లు తెర వెడల్పంతా వచ్చేలా, వివరాలు పెద్ద అక్షరాల్లో ఇవ్వండి.

కర్వ్స్ చేసిన తర్వాత అక్షరం దిద్దలేరు. అందుకని కర్వ్స్ చేయని ఫైలును వేరే పేరుతో దాచుకోండి. కర్వ్స్ చేసేముందే రెండు పేజీలూ ప్రింట్ తీసి, అటువైపు వాళ్ళకూ ఇటువైపు వాళ్ళకూ చూపించి, పేర్ల స్పెల్లింగు, తిథి, వారం, ముహూర్తం సమయం పంతులు గారు రాసిచ్చిన లగ్నపత్రికతో సరిచూసుకోండి. పేర్లు సర్దిన పేజీ స్క్రీన్‌షాట్ ఇక్కడ పెడితే తోకలు ఎక్కడ తగులుతున్నాయో చూసి చెప్తాను.